కంటి మట్టం

తెనాలి,
25 ఆగస్టు 2025

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. ప్రియ రాయలేదు. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

మెడకి ఆపరేషనయి ఇరవై ఆరు రోజులు. కుట్లు విప్పారు. కాలరు ఇంకా ఉంది. అన్నం కుడిచేత్తోనే తింటున్నాను, చెంచాతో. కూతురు ప్రియా, అల్లుడూ బాగా చూసుకుంటున్నారు.

వ్యాయామం చేయించడానికి ఉషశ్రీ అనే పిల్ల వస్తుంది. వేళ్ళు దారికి రావాలంటే రోజూ కలంతో రాయమంది. ఏం రాయనమ్మా అంటే, "ఎవరికైనా ఉత్తరం రాయండి బాబాయ్, ఫోనులో ఎలాగూ మాట్లాడరు గదా" అంది. నీకు రాస్తున్నాను.

ఇంతవరకు రాయడానికి గంటా పది నిమిషాలు పట్టింది.

నేటి మట్టం: అడుగులు 90. గుండీ 1.

నీ తమ్ముడు
అంద్రెయ


బాపట్ల,
29 ఆగస్టు 2025

అంద్రెయకి అక్క అన్నమ్మ ప్రేమతో రాసేది.

నీ ఉత్తరం చేరింది. పోస్టుమాన్ కవరు మీద అడ్రసు చూసి, "మనవలు రాశారా టీచరుగారూ?" అన్నాడు. "అవునయ్యా, అరవై నాలుగేళ్ళ మనవడు" అన్నాను. రెండో తరగతి పిల్లల రాత ముప్పై నాలుగేళ్ళు చదివినదాన్ని, నీది చదవలేనా? చదివాను. నువ్వు దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరుగా ఉన్నప్పుడు, కాలవ నీటి మట్టం పొద్దునా సాయంత్రం పుస్తకంలో ఎక్కించేవాడివి. ఆ అంకెలు చూసి కొత్తగా వచ్చిన ఇంజనీరు "ఇది చేతిరాతా, అచ్చా?" అని అడిగాడని ప్రమీల ఎంత గొప్పగా చెప్పుకునేది!

సరే, జరిగిందేదో జరిగింది. కానీ నీ తప్పు నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గ్లాసు చేతిలోంచి జారిపోతోందని ఏడాదిన్నర దాచావు. ఈస్టరుకి వచ్చినప్పుడు చొక్కా మీద కండువా కప్పుకుని కూర్చున్నావు. "ఏంట్రా అది?" అంటే "ఉక్కగా ఉంది" అన్నావు. ఉక్కకి ఎవడైనా కండువా కప్పుకుంటాడా? లోపల ఒక్క గుండీ పెట్టుకోలేకపోయావని ప్రియ చెప్తేగాని నాకు తెలీలేదు. దూది మీద నడుస్తున్నట్టు నడుస్తుంటే వయసనుకున్నాం. మెడ ఎముకలు పెరిగి లోపలి నరాన్ని నలిపేస్తున్నాయని, ఇంకో ఆరు నెలలు ఊరుకుంటే మంచమేనని గుంటూరులో డాక్టరు అన్నప్పుడు కూడా నువ్వు "అలాగాండి" అన్నావంట. అంతేనా మనిషి అనే మాట!

ఇంతకీ ఆ గుండీ ఒకటేంటి? రాసేటప్పుడు అర్థమయ్యేలా రాయి.

ఇంకో సంగతి. నవంబరు రెండున సమాధుల పండుగ గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ముప్పై ఏళ్ళుగా రేపల్లె సమాధుల తోటలో మన వరసలో శిలువలన్నిటి మీదా పేర్లు నువ్వే రాశావు. ఒక్క ఏడు మానితే ఎవరూ ఏమీ అనరు. గోతులు తవ్వే లాజరు ఉన్నాడు, సున్నం వేస్తాడు. పేర్లు ఎవరో ఒకరు రాస్తారు. ప్రమీలకి మాత్రం నల్లరాయి పలక మీద పేరు చెక్కించి పెడదామని మా జాన్ బాబు అంటున్నాడు. చెక్కిస్తే ఇక ఏటా రంగు వేసే బాధే ఉండదు. నువ్వు సరే అంటే చీరాల వెళ్ళి రాయి చూసొస్తాడు.

వేళకి తిను. ప్రియని విసిగించకు. నువ్వు విసిగించవనుకో. విసిగించినా బాగుండును.

అక్క
అన్నమ్మ


తెనాలి,
4 సెప్టెంబరు 2025

అక్కకు వందనాలు.

రాయి వద్దు.

గుండీ 1 అంటే ఆ రోజు నాకు నేనుగా పెట్టుకున్న చొక్కా గుండీలు. మొత్తం ఏడు.

డాక్టరుగారిని నిన్న చూశాను. నరం మీద ఒత్తిడి తీసేశాను, ఇక పాడవదు అన్నారు. పోయిందాంట్లో ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను, ఆరు నెలలు, ఏడాది చూడాలి అన్నారు. నాకు బాగానే అర్థమయింది. లాకు తలుపు ఎత్తగానే శివారు పొలానికి నీళ్ళు చేరవు. మొదటి మడులు తడవాలి, బోదెలు నిండాలి. వేళ్ళు శివారు భూములు. ఎన్నో రోజుకి చేరతాయో, అసలు చేరతాయో లేదో చూడాలి.

నవంబరు రెండుకి యాభై తొమ్మిది రోజులుంది.

నేటి మట్టం: అడుగులు 210. గుండీలు 2.

అంద్రెయ


బాపట్ల,
9 సెప్టెంబరు 2025

అంద్రెయకి అక్క రాసేది.

"రాయి వద్దు." రెండు మాటల్లో తేల్చేశావు. జాన్ బాబు సెలవు పెట్టుకుని చీరాల వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు. "మామయ్య ఎందుకు వద్దంటున్నాడు, అలా బిగుసుకుని?" అని వాడు అడుగుతున్నాడు. మేనల్లుడి మాట నచ్చలేదా? మేం పెడితే నీకు చిన్నతనమా? ప్రమీల నాకు మరదలు కాదా? నా మనసు నొచ్చుకుంది. నొచ్చుకుందని రాస్తున్నాను, నీలాగా దాచుకోవడం నాకు చేతకాదు.

అయినా అక్కని కాబట్టి ఈ ఉత్తరంతో రెండు గీతల కాపీ పుస్తకం పంపుతున్నాను. మా బడి పక్క కొట్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. రోజుకో పేజీ. అక్షరం పైగీతకి తగలాలి, కింద గీత దాటకూడదు. నీకు మొదట అక్షరాలు నేర్పింది నేనే గదా, ఇప్పుడు రెండోసారి నేర్పుతున్నాను. "నేనే నేర్చుకున్నాను" అని లోకానికి చెప్పుకునేవాడివి. ఇప్పుడు చెప్పు.

సూర్యలంక వైపు గాలి ఎక్కువగా ఉంది. నా మోకాళ్ళు ముందే చెప్పేశాయి వాన వస్తుందని.

అన్నమ్మ


తెనాలి,
18 సెప్టెంబరు 2025

అక్కకు వందనాలు.

పుస్తకం అందింది. రోజుకి రెండు పేజీలు రాస్తున్నాను. కింద గీత దాటుతోంది.

నీ మనసు నొచ్చుకుందని రాశావు. నాకది తెలీలేదు. జాన్ బాబు మంచివాడు. రాయి కూడా మంచిదే. కారణం చెప్పాలని రెండు రోజులుగా రాసి చింపుతున్నాను. ఇది మూడోది.

చదువు సంగతి ముందు. మన గేదెలు సమాధుల తోట గోడ పక్కన మేసేవి. నాకు ఏడేళ్ళు. చూడ్డానికి ఇంకేమీ లేక శిలువల మీద పేర్లు చూసేవాణ్ణి. ఒకే బొమ్మ చాలా శిలువల మీద ఉండేది. దాన్ని పుల్లతో నేల మీద గీసి, నువ్వు బడి నుంచి వచ్చేటప్పుడు చూపిస్తే అది ఏ అక్షరమో చెప్పేదానివి. కాబట్టి నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పుకున్నదీ నిజమే. చనిపోయినవాళ్ళ పేర్లతో చదువు వచ్చింది కాబట్టి, పెద్దయ్యాక వాళ్ళ పేర్లు చెరిగిపోకుండా రాయాలనిపించింది. అంతే. ఎవరూ రాయమనలేదు.

నేను రాస్తుంటే ప్రమీల రంగు డబ్బా పట్టుకునేది. తనకి డబ్బా పట్టుకోవడం కన్నా తప్పులు పట్టడం ఇష్టం. "ఏమండీ, మత్తయిగారి అక్షరాలు కురచగా వచ్చాయి, ఆయన బతికున్నప్పుడు అంత పొట్టిగా లేరు" అనేది. నవ్వొచ్చి చెయ్యి కదిలేది. "చూశారా, ఇప్పుడు వంకర పోయింది" అనేది.

తొమ్మిదేళ్ళుగా తన పేరు కూడా రాస్తున్నాను. ఏడాదంతా సున్నం రాలుతుంది, వానకి రంగు పోతుంది, మళ్ళీ రాస్తాను. ఏడాదికి ఒక్కసారి ఆ పేరు నా చేత్తో రాయాలి. రాతి మీద చెక్కితే ఇక రాసే పనుండదు. అందుకని వద్దన్నాను.

ఈ ఏడాది రాయగలనో లేదో తెలీదు. ప్రియ వాళ్ళ పెరటి గోడ మీద నీళ్ళతో కుంచె పెట్టి చూస్తున్నాను. చెయ్యి కొంచెం మాట వింటోంది. చిక్కు మెడతో వచ్చింది. శిలువ మీద పేరు కిందికి ఉంటుంది, తల వంచాలి. తల పావుగంట వంచినా నేను ఇక రానని ఉషశ్రీ బెదిరించింది. "ఒక ఏడు అమ్మగారు ఓర్చుకోరా బాబాయ్?" అంది. ఓర్చుకుంటుంది. నేనే.

నేటి మట్టం: అడుగులు 460. గుండీలు 3. రాసింది రెండు గంటలు.

నీ తమ్ముడు
అంద్రెయ


బాపట్ల,
24 సెప్టెంబరు 2025

అంద్రెయా,

నీ ఉత్తరం జాన్ బాబుకి చదివి వినిపించాను. సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి "రాయి మాట మళ్ళీ ఎత్తకమ్మా" అన్నాడు. ఎత్తను.

అరవై ఏళ్ళలో నువ్వు నాతో ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదటిసారి. నీ మెడలో నరాన్ని పట్టుకున్న ఎముకేదో నీ నాలికని కూడా పట్టుకుందేమో. డాక్టరుగారికి నా తరఫున వందనాలు చెప్పు.

కాపీ పుస్తకం అయిపోతే రాయి, ఇంకోటి పంపుతాను. వంకర పోయినా పరవాలేదు. కానీ పేజీ మధ్యలో మానకు.

అక్క


తెనాలి,
9 అక్టోబరు 2025

అక్కకు వందనాలు.

కాలరు తీసేశారు. మెడ తేలిగ్గా ఉంది. తల ఎక్కడైనా పడిపోతుందేమో అన్నట్టుంది. ఉషశ్రీ బజారు దాకా నడిపించింది. టిఫిన్ సెంటరులో కూర్చుని ఇడ్లీ చేత్తో తిన్నాను. చట్నీ చొక్కా మీద పడలేదు.

కొత్తగా తెల్ల చొక్కా కుట్టించుకున్నాను, నవంబరు రెండుకి. నీటి మట్టాలు ఎక్కించిన నా గేజీ పుస్తకాలన్నీ ప్రియకి అప్పగించాను. ఇక ఆ పిల్లే చూసుకుంటుంది.

లాజరుకి ఉత్తరం రాసి ఒక పని చెప్పాను. ఆ పని అయితే నాకిక దిగులు లేదు. చాలా రోజులు ఆలోచించాక ఇదొక్కటే దారి కనిపించింది. మనసు నిమ్మళంగా ఉంది.

నువ్వు ఒకటో తేదీకే రేపల్లె రా. ఆలస్యం చెయ్యకు. నీ చెయ్యి కావాలి.

నేటి మట్టం: అడుగులు 820. గుండీలు 5.

అంద్రెయ


బాపట్ల,
15 అక్టోబరు 2025

అంద్రెయా,

కుశలం తరవాత అడుగుతాను. ముందు నాకు జవాబు చెప్పు.

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. లాజరు ఫోను.

"అమ్మగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాటండి. అంద్రెయగారు ఉత్తరం రాశారండి. ప్రమీలమ్మగారి దగ్గర గొయ్యి తవ్వమన్నారండి."

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "ఎవరికి లాజరూ?" అన్నాను.

"అదే నాకూ తెలీట్లేదండి. ఆరడుగులు తవ్వే చేతులండి ఇవి. ఆయన పొడవు మూడడుగులు, వెడల్పు రెండు, లోతు రెండు అని కొలతలు రాశారండి. మనిషెలా పడతాడండి? కూర్చోబెట్టి పెడతారా ఏంటండి? మన సంఘంలో అలా లేదు గదండి."

"ఇంకేం రాశాడు?"

"లోపల ఒక మెట్టు కూడా ఉంచమన్నారండి."

"మెట్టా?"

"అదేనండి. పునరుత్థానం రోజున లేచి రావడానికేమోనండి. ముందుచూపున్న మనిషి గదండి."

నీకు ఫోను చేశాను. "లాజరుకి గొయ్యి తవ్వమని రాశావా?" అంటే "రాశాను" అన్నావు. "ఎందుకురా?" అంటే "నవంబరు రెండుకి" అన్నావు. "ఉంటానక్కా, ఉషశ్రీ వచ్చింది" అని పెట్టేశావు.

ఆ తరవాత నీ పోయిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. తెల్ల చొక్కా. పుస్తకాలు అప్పగించడం. ఇక దిగులు లేదనడం. ఇదొక్కటే దారి అనడం. ఆలస్యం చెయ్యకుండా రమ్మనడం. మొదటిసారి చదివినప్పుడు ఎంత సంతోషించాను! నేను టీచర్ని, నాకు చదవడం రాలేదు.

ఒరేయ్, ఏం చేసుకుందామనుకుంటున్నావు? చెయ్యి పూర్తిగా రాకపోతే కొంపలేం మునిగాయి? నా మోకాళ్ళు పదేళ్ళుగా వంగట్లేదు, నేను గొయ్యి తవ్వించుకున్నానా? ఐదారు మైళ్ళ దూరంలో ఉన్న సూర్యలంక సముద్రం చూసి నాలుగేళ్ళయింది. అయినా పొద్దున్నే లేచి కాఫీ తాగుతున్నాను, పక్కింటావిడతో పోట్లాడుతున్నాను, నీ వంకర ఉత్తరాల కోసం గేటు దగ్గర నిలబడుతున్నాను. బతకడమంటే ఇదే గదరా. ప్రమీల ఉంటే నీ చెవి మెలిపెట్టేది.

ప్రియకి చెప్పలేదు. ఆ పిల్ల బ్యాంకుకి పోతూ నిన్ను చూసుకుంటూ సగమైపోయింది. జాన్ బాబు చేత స్పీడు పోస్టు చేయిస్తున్నాను. అందిన రోజే జవాబు రాయి. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో నీ మాటలు వింటే నాకు మిగిలిన ప్రాణం పోయేలా ఉంది.

అన్నమ్మ


తెనాలి,
16 అక్టోబరు 2025

అక్కా,

నేను చచ్చిపోవడం లేదు.

గొయ్యి కూర్చోవడానికి.

ప్రమీల శిలువ మీద పేరు నేలకి అడుగున్నర ఎత్తున ఉంది. అడుగు ఎత్తున్న పీట మీద కూర్చుంటే నా కన్ను మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే తల వంచాలి. పీటని రెండడుగుల గోతిలో వేసుకుంటే కన్ను సరిగ్గా పేరుకి ఎదురుగా వస్తుంది. మెడ వంచక్కర్లేదు. ఉషశ్రీకి గోడ మీద గీసి చూపించాను. చాలాసేపు చూసి "ఇదైతే సరే బాబాయ్" అంది.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు గేజీ పలక మీద అంకెలకి మళ్ళీ రంగు వేసేవాణ్ణి. గట్టు మీద నుంచి వంగి రాస్తే వంకరపోయేది. కాలవలోకి దిగి, అంకె కంటి మట్టానికి వచ్చేచోట నిలబడి రాస్తే తిన్నగా వచ్చేది. శిలువని పైకి లేపలేను. అందుకని నేను కిందికి దిగుదామనుకున్నాను.

మెట్టు ఎక్కి రావడానికి. పునరుత్థానానికి కాదు.

తెల్ల చొక్కాకి పెద్ద గుండీలు కుట్టించాను, వేళ్ళకి దొరకడానికి. పుస్తకాలు ప్రియకి ఇచ్చింది రేపల్లె ఇంట్లో చెదలు పడుతున్నాయని. నీ చెయ్యి కావాలన్నది రంగు డబ్బా పట్టుకోవడానికి.

లాజరుకి పని చెప్పాను గాని ఎందుకో రాయలేదు. కొలతలు రాస్తే చాలనుకున్నాను. నీకూ అలాగే రాశాను. తప్పు నాదే. నీ ముద్ద కంచంలోనే ఉండిపోయిందని చదివి నాకు ముద్ద దిగలేదు.

నేను బాగున్నానక్కా. ఇది ఊరికే రాయడం లేదు. పొద్దున్నే ప్రియ కాఫీ ఇస్తుంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాను, వేడి వేళ్ళకి తెలుస్తోంది. మొన్నటిదాకా తెలిసేది కాదు. కాలినా తెలిసేది కాదు. నిన్న కొంచెం కాలింది. సంతోషమేసింది.

నేటి మట్టం: అడుగులు 900. గుండీలు 5. రాసింది ముప్పావుగంట.

నీ తమ్ముడు
అంద్రెయ


బాపట్ల,
21 అక్టోబరు 2025

ఒరేయ్ అంద్రెయా,

నీ కవరు గేటు దగ్గరే నిలబడి చింపాను. మొదటి లైను చదివి అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పోస్టుమాన్ కంగారుపడి "ఏమైంది టీచరుగారూ?" అన్నాడు. "మా తమ్ముడు చచ్చిపోవడం లేదంటయ్యా" అన్నాను. అతనికేం అర్థమయిందో, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి, కోప్పడకు. లాజరు ఫోను వచ్చిన రోజే నేను రేపల్లె పాస్టరుగారికి కూడా ఫోను చేశాను. ఆయన ఆదివారం ఆరాధనలో నీ పేరు చెప్పి ప్రార్థన చేశారట, "నిరాశలో ఉన్న మన సహోదరుడి కోసం" అని. స్త్రీల సమాజంవాళ్ళు ఒక పూట ఉపవాసం కూడా ఉన్నారు. బసవమ్మకి షుగరు, ఆవిడ కూడా ఉందట. ఇప్పుడు ఆ గొయ్యి పేరు రాయడానికని చెప్తే "అయితే మా ఉపవాసం?" అని అడుగుతోంది. "వాడి చెయ్యి తిన్నగా రావడానికి లెక్కేసుకోమ్మా" అన్నాను. కాబట్టి రెండో తారీకున రేపల్లె సంఘమంతా నువ్వు గోతిలో కూర్చోవడం చూడ్డానికి వస్తుంది. అది నీకు శిక్ష. కొలతలు రాసి కారణం రాయనందుకు.

నేనొచ్చి డబ్బా పట్టుకుంటాను. తప్పులు పట్టడం కూడా నాకు వచ్చు, ముప్పై నాలుగేళ్ళ అనుభవం.

అక్క
అన్నమ్మ


తెనాలి,
30 అక్టోబరు 2025

అక్కకు వందనాలు.

తుఫాను ఇక్కడ రెండు రోజులు ఊపింది. మేం క్షేమం. మీ వైపు ఎక్కువని టీవీలో చెప్పారు. జాన్ బాబు ఫోను చేసి క్షేమమన్నాక కుదుటపడ్డాను.

లాజరు ముందే తవ్వేశాడు. గొయ్యి నిండా నీళ్ళు. "గొయ్యి కాదండి, నుయ్యి అయింది" అన్నాడు ఫోనులో. కర్ర ముంచి చూడమన్నాను. బుధవారం పొద్దున అడుగున్నర, సాయంత్రం అడుగుంపావు. ఈ రోజు అడుగు. ఊట నీళ్ళు కాదు, వాన నీళ్ళే, తగ్గుతున్నాయి. శనివారం మిగిలింది తోడేసి అడుగున పొడి ఇసుక పోయమన్నాను. ఈసారి ఎందుకో కూడా చెప్పాను.

రేపు సాయంత్రం రైలుకి ప్రియ నన్ను రేపల్లె తీసుకొస్తుంది. ఇది నీకు అందేలోపు మనం కలుస్తాం. అయినా రాయాలనిపించింది.

చెయ్యి సంగతి తెలీదు. నిన్న గోడ మీద పేరు బాగా వచ్చింది. ఈ రోజు రాలేదు.

నేటి మట్టం: గుండీలు 6. వానకి నడవలేదు.

అంద్రెయ


బాపట్ల,
6 నవంబరు 2025

అంద్రెయకి అక్క ప్రేమతో రాసేది.

ఇల్లు చేరాను. నడుం పట్టేసింది, దానికి కారణం నీకు తెలుసు. నువ్వు గోతిలోంచి లేచాక, పేరు అక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో చూద్దామని నేను దిగడం, దిగినదాన్ని లేవలేకపోవడం, లాజరు ఒక చెయ్యి, ప్రియ ఒక చెయ్యి లాగడం. బసవమ్మ గట్టిగా "టీచరుగారు అప్పుడే వద్దంటున్నా వినట్లేదు" అనేసరికి సమాధుల తోటలో అంతమంది ఒక్కసారి నవ్వడం నేనెప్పుడూ వినలేదు. పాస్టరుగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకున్నారు.

అందరిముందూ అనలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు మెట్టు దిగి పీట మీద కూర్చున్నప్పుడు, శిలువా నీ ముఖమూ ఎదురెదురుగా ఉన్నాయి. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టున్నారు. మొదటి అక్షరం బాగానే రాశావు. రెండో అక్షరం సగంలో నీ చెయ్యి ఆగిపోయింది. కుంచె గాల్లోనే ఉంది. నేను డబ్బా పట్టుకుని ఊపిరి బిగబట్టాను. చెయ్యి రావట్లేదు, అందరిముందూ వీడికి చెయ్యి రావట్లేదు, నేను అందుకోవాలా, కళ్ళు తిప్పుకోవాలా అని నాలో నేను కొట్టుకున్నాను. ఎంతసేపో తెలీదు. తరవాత నువ్వే మళ్ళీ మొదలుపెట్టావు. పూర్తిచేశావు. కొంచెం వంకరే. నేను తప్పు పట్టలేదు గమనించావా?

ఆ ఆగినప్పుడు నొప్పి వచ్చిందా? తిమ్మిరా? దాచకుండా రాయి. డాక్టరుగారికి చెప్పాలి.

అమ్మా నాన్నల పేర్లు నేను రాశాను గదా, నాన్నది కిందికి కారిపోయింది. బల్ల మీద సుద్దతో రాసిన చెయ్యికి రంగు లొంగలేదు. క్షమించు.

రైలుకి టైమయిందని గొయ్యి పూడ్చకుండానే వచ్చేశాను. ఏం చేశారు?

అక్క


రేపల్లె,
11 నవంబరు 2025

అక్కకు వందనాలు.

నేను రేపల్లెలో మన ఇంట్లోనే ఉన్నాను. ప్రియ వారం రోజులు చూద్దామంది. వంట లాజరు భార్య పంపుతోంది. చొక్కా నేనే తొడుక్కుంటున్నాను.

నొప్పి రాలేదు. తిమ్మిరి రాలేదు. చెయ్యి ఆగలేదక్కా, నేనే ఆపాను. మొదటి అక్షరం వచ్చేసరికి మిగతావి కూడా వస్తాయని తెలిసిపోయింది. వెంటనే రాసేస్తే పేరు అయిపోతుంది, మళ్ళీ ఏడాది దాకా లేదు. ఎన్నాళ్ళనుంచో ఎదురుగా కూర్చోలేదు. ప్రతిసారీ పైనుంచి వంగి రాసేవాణ్ణి. అందుకని కాసేపు కూర్చున్నాను. నువ్వు ఊపిరి బిగబట్టావని తెలిస్తే ముందే చెప్పేవాణ్ణి.

వంకర సంగతి. పాత చెయ్యి అయితే పది నిమిషాల్లో తిన్నగా వచ్చేది. ఇది నలభై నిమిషాలు. తను చూస్తే ఏమనేదో నాకు తెలుసు. అది తలుచుకుని నవ్వుకున్నాను కూడా. మీరెవరూ చూడలేదు, నా ముఖం శిలువ వైపుంది.

నాన్న పేరు మొన్న గుడ్డతో తుడిచి సరిచేశాను. ఆ శిలువ పొడుగ్గా ఉంటుంది గదా, కుర్చీ వేసుకుంటే సరిపోయింది. రోజుకొకటి చొప్పున మన వరసలో మిగతా పేర్లు కూడా చూస్తున్నాను. తొందరేం లేదు.

గొయ్యి. మీరంతా వెళ్ళాక లాజరు "ఉంచమంటారాండి, వచ్చే ఏటికి పనికొస్తుంది గదండి" అన్నాడు. పూడ్చెయ్యమన్నాను. వచ్చే ఏడాదికి మెడ కొంచెమైనా వంగుతుందని ఉషశ్రీ అంది. వంగకపోతే మళ్ళీ తవ్వించుకోవచ్చు. అడుగున పోసిన ఇసుక ఎత్తేసి, పారతో మట్టి అంతా లోపలికి లాగి పైన తొక్కాడు. నేను కూడా పక్కన నిలబడి కొంచెం తొక్కాను. ఆఖరి పార వేసి చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి లాజరూ?" అన్నాను.

"ఇన్నేళ్ళుగా పూడుస్తున్నానండి. ప్రతిదానికీ మట్టి మిగిలిపోయేదండి. ఇదేంటండి, నేలకి సమానంగా సరిపోయింది" అన్నాడు.

నేటి మట్టం: అడుగులు 1,400. గుండీలు 7. గొయ్యి పూడ్చాం. మట్టి మిగల్లేదు.

నీ తమ్ముడు
అంద్రెయ